బొగ్గు కడుపులో దాచే అమానత్‌కు అమీన్ ఎవరు?

బొగ్గు పొరల్లో కార్బన్ డయాక్సైడ్‌ని దాచిపెడతారట. దాచుకున్నందుకు బదులుగా బొగ్గు తన కడుపులో ఉన్న మీథేన్ గ్యాస్‌ని మనకు ఇచ్చేస్తుందట. పొగ లోపలికి, గ్యాస్ బయటికి. ‘ఆమ్ కే ఆమ్, గుఠ్లియోఁ కే దామ్’ అంటారు కదా మన ఇళ్లల్లో, పండు తిన్నాక టెంకకు కూడా పైసలు వచ్చినట్టు, అలాంటి సౌదా ఇది. ఇంత ఖూబ్‌సూరత్ సౌదా ఎవరు తెచ్చినా మన పెద్దవాళ్లు ముందు ఒకటే అంటారు: ‘హిసాబ్ చూపించు బేటా.’ నేనూ అదే అడుగుతున్నాను.

ఇది అడ్డతీగలలో ఉండి రాస్తున్నాను. పేరులోనే అడ్డాకు తీగ ఉన్న ఊరు. ఈ ఊరి కింద బొగ్గు లేదు. తూర్పు కనుమల రాయి వేరే ఖాందాన్‌ది. కోట్ల ఏళ్ల కింద భూమి లోతుల్లో వేడికి ఉడికి గట్టిపడిన ఖోండలైట్, చార్నొకైట్ రాళ్లు ఇవి, వీటిలో బొగ్గు దొరికే సవాలే లేదు. మరి ఇక్కడ కూర్చుని బొగ్గు గోల ఎందుకయ్యా అంటారా? రంపచోడవరం, మారేడుమిల్లి ఘాట్ దాటి, చింతూరు మీదుగా భద్రాచలం పోయే రోడ్డు ఎక్కండి. గోదావరి దాటితే మణుగూరు, కొత్తగూడెం, ఇల్లందు. మన బొగ్గు అక్కడుంది. దారి పొడుగునా కొండరెడ్ల గూడేలు, కోయ గూడేలు. రాష్ట్రాలు రెండయ్యాయి గానీ రాజ్యాంగంలో ఐదో షెడ్యూల్ ఒకటే, 1/70 చట్టం ఒకటే, వాళ్ల చుట్టరికాలూ తెగలేదు. బొగ్గు పొరలో గ్యాస్ నింపుతామని వచ్చేవాడు ముందు కాలు పెట్టేది ఆ గూడేల నేల మీద. ఆ నేలకు కాపలా ఉన్న కానూన్ గురించి అడ్డతీగల బజారులో మనవాళ్లు ఏమంటున్నారో విన్నాను. అది విన్నాకే ఈ వ్యాసం మొదలుపెట్టాను. ఆ మాటకు తర్వాత వస్తాను, ముందు హిసాబ్.

బొగ్గును ఒక పాత ముసాఫిర్‌ఖానా అనుకోండి. లోపల కంటికి కనిపించని లక్షల గదులు. అందులో కోట్ల ఏళ్లుగా మీథేన్ కిరాయికి ఉంటోంది. గోడలకు అంటుకుని ఉంటుంది, నీళ్ల ఒత్తిడి దాన్ని అక్కడే నొక్కి ఉంచుతుంది. నీళ్లు తోడేస్తే కొంత మీథేన్ తనంతట తను బయటికి వస్తుంది. మిగిలినదాన్ని ఖాళీ చేయించడానికి కార్బన్ డయాక్సైడ్‌ని పంపిస్తారు. బొగ్గుకు మీథేన్ కంటే కార్బన్ డయాక్సైడ్ అంటేనే మక్కువ ఎక్కువ. ఒక మీథేన్ అణువు వదిలిపోయిన చోట దాదాపు రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులు అంటుకుంటాయి. బొగ్గు రకాన్ని బట్టి ఈ లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఇంతవరకు సైన్సే, ఝూట్ ఏమీ లేదు. నేను సైన్స్‌తో కొట్లాడ్డానికి రాలేదు. దాని పేరు చెప్పి కాగితం మీద వేసే పద్దులతోనే నా పేచీ.

మొదటి పద్దు చూడండి. రెండు అణువులు లోపలికి పోయాయి, ఒక మీథేన్ బయటికి వచ్చింది. ఆ మీథేన్‌ని ఏం చేస్తారు? అత్తరులా పూసుకోరు కదా, కాలుస్తారు. ఒక మీథేన్ అణువు కాలితే సరిగ్గా ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు పుడుతుంది. రెండు దాచి ఒకటి మళ్లీ గాలిలోకి వదిలారు. రెండు రూపాయలు జమ అని బోర్డు పెట్టిన చోట మిగిలింది రూపాయి. ఆ రూపాయిలోంచి కూడా కర్చు తీయాలి. థర్మల్ ప్లాంటు చిమ్నీలో వచ్చే పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ని వేరు చేసి, ఒత్తి, గొట్టాల్లో పంపడానికి ఆ ప్లాంటు తీసే కరెంటులో నాలుగైదు వంతుల్లో ఒక వంతు దానికే పోతుంది. ఆ కరెంటు మళ్లీ బొగ్గు కాల్చి తీయాలి. ఇక బావుల దగ్గర, గొట్టాల దగ్గర మీథేన్ కాస్త లీకయిందంటే హిసాబ్ మొత్తం తలకిందులు. ఇరవై ఏళ్ల లెక్కలో చూస్తే మీథేన్ భూమిని వేడెక్కించే తాకత్ కార్బన్ డయాక్సైడ్‌కి 80 రెట్ల పైమాటే. కిలో మీథేన్ లీకైతే 80 కిలోల పొగ వదిలినట్టు.

గ్యాస్ కాలిస్తే ఆ మేరకు బొగ్గు కాల్చడం తగ్గుతుంది కదా అని ఇంజనీర్ దోస్తులు అంటారు. బొగ్గు ప్లాంటు మూసేస్తే తగ్గుతుంది, ఒప్పుకుంటాను. ఎక్కడ మూశారు? 2021 నవంబరులో గ్లాస్గోలో మన దేశం 2070 కల్లా నెట్ జీరో అని వాదా చేసింది. ఆ తర్వాతే మణుగూరు దగ్గర 1,080 మెగావాట్ల భద్రాద్రి ప్లాంటు చివరి యూనిట్ నడక మొదలుపెట్టింది. నల్గొండ జిల్లా దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి లేచింది. మన దగ్గర కొత్తది వస్తే పాతదాని పక్కన కూర్చుంటుంది, పాతదాన్ని లేపదు.

ఇక ప్రయోగాల కథ. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రం, శాన్ హువాన్ బేసిన్‌లో అల్లిసన్ యూనిట్ అని ఉంది. 1995 నుంచి 2001 దాకా అక్కడ బొగ్గు పొరలోకి కార్బన్ డయాక్సైడ్ పంపించారు. ఈ రంగంలో ప్రపంచమంతా చూపించే మిసాల్ ఇదే. మొత్తం మూడు లక్షల టన్నుల లెక్కలో పోయింది. కొంత మీథేన్ అదనంగా వచ్చింది కూడా. తమాషా ఏమిటంటే, అక్కడ దాచిన గ్యాస్ ఏ చిమ్నీలోంచీ పట్టింది కాదు. భూమిలో సహజంగా ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ని ఒక చోట తవ్వి తీసి, గొట్టంలో తెచ్చి, ఇంకో చోట పూడ్చారు. వాళ్లకు కావలసింది మీథేన్. వాతావరణం పేరు తర్వాత తగిలించిన తోక.

అక్కడే ఇంకో సంగతి బయటపడింది. కార్బన్ డయాక్సైడ్ తాగిన బొగ్గు ఉబ్బుతుంది. రాత్రి శెనగలు నానబోసి డబ్బా మూత బిగించి పెట్టారనుకోండి, పొద్దున్నే ఏమవుతుంది? గింజలు ఉబ్బి మధ్యలో సందు లేకుండా బిగుసుకుంటాయి. బొగ్గులోనూ అంతే. గ్యాస్ నడిచేది బొగ్గులోని సన్నని పగుళ్లలోంచి. బొగ్గు ఉబ్బితే ఆ పగుళ్లు మూసుకుంటాయి. కొత్త కిరాయిదారుని రమ్మని పిలిచి లోపలి నుంచి గడియ పెట్టుకున్నట్టు. అల్లిసన్‌లో గ్యాస్ ఎక్కించే వేగం పడిపోయింది. పోలండ్‌లో సైలీసియా బొగ్గు ప్రాంతంలో యూరప్ వాళ్లు రెకోపోల్ అనే ప్రాజెక్టు పెట్టారు. పొర లోపలికి తీసుకోకపోతే రాతిని ఒత్తిడితో పగలగొట్టి మరీ ఎక్కించారు. అన్నీ కలిపి 760 టన్నుల దగ్గర ఆగిపోయింది. జపాన్‌లో హొక్కైడో ద్వీపం యూబరి దగ్గర 2004 నుంచి 2007 వరకు ప్రయత్నించారు. అక్కడా పగుళ్లు మూసుకున్నాయి, నైట్రోజన్ పంపి తెరవాలని చూస్తే కొన్నాళ్లు తెరుచుకుని మళ్లీ మూసుకున్నాయి. మొత్తం 900 టన్నుల లోపు.

ఈ అంకెలు మన ఊరి కొలతలో చెప్తాను. రామగుండం ఎన్టీపీసీ 2,600 మెగావాట్ల ప్లాంటు. బొగ్గు కరెంటు ఒక యూనిట్ తీస్తే కిలోకు కాస్త అటూ ఇటూగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ప్లాంటు 70 శాతం సామర్థ్యంతో నడిచినా గంటకు 18 లక్షల యూనిట్లు, అంటే దాదాపు 1,700 టన్నుల గ్యాస్. పోలండ్, జపాన్ రెండు దేశాలు ఏళ్ల తరబడి మెహనత్ చేసి దాచినదంతా కలిపితే మన రామగుండం చిమ్నీ ఒక గంటలో వదిలేస్తుంది. అమెరికా వాళ్ల మూడు లక్షల టన్నులు మనకు ఒక వారం పొగ.

ప్రయోగం చిన్నగానే మొదలవుతుంది, తర్వాత పెరుగుతుంది అంటారు. సరే, ఎంత పెరగగలదో ప్రభుత్వ కాగితమే చెప్తుంది. నీతి ఆయోగ్ 2022 నవంబరులో కార్బన్‌ను పట్టి దాచే విధానం మీద ఒక నివేదిక వేసింది. దేశంలోని బొగ్గు పొరల్లో మీథేన్ తీస్తూ దాచగలిగే మొత్తం అందులో 370 కోట్ల టన్నులు అని రాశారు. వినడానికి సముందర్ లాగా ఉంది. భారతదేశం ఏడాదికి వదిలే కార్బన్ డయాక్సైడ్ దాదాపు 300 కోట్ల టన్నులు. అంటే ఝార్ఖండ్ నుంచి గోదావరి దాకా ఉన్న బొగ్గు పొరలన్నీ, ప్రతి గదీ నిండేదాకా, ఎక్కడా గడియ పడకుండా నింపినా దేశానికి ఒక ఏడాది, మీద మూడు నెలలు. ఆ తర్వాత? అదే నివేదికలో ఉప్పునీటి రాతి పొరల్లో 29,100 కోట్ల టన్నులు పడతాయని ఉంది. దాచడమే మక్సద్ అయితే బొగ్గు వంక చూడనక్కర్లేదు. చూస్తున్నారంటే కళ్లు మీథేన్ మీద ఉన్నాయన్నమాట.

మన గోదావరి లోయలో ఆ మీథేన్ లాలచ్ కూడా పెద్దగా తీరేది కాదు. బొగ్గు పొరల మీథేన్ విధానాన్ని కేంద్రం 1997లోనే తెచ్చింది. తర్వాత వేలాల్లో గోదావరి లోయ బ్లాకులూ పెట్టారు. రాణిగంజ్‌లో, సోహాగ్‌పూర్‌లో గ్యాస్ వస్తోంది. మన లోయ నుంచి కమర్షియల్‌గా ఒక్క సిలిండర్ రాలేదు. సింగరేణి భూగర్భ గనుల్లో చాలావరకు గ్యాస్ తక్కువ ఉన్న మొదటి తరగతివే. ఇల్లందులో మా మామూజాన్ ‘బాయి’లో పని చేసేవారు. ఝరియా గనుల్లో గ్యాస్ మంటల గురించి వార్త వచ్చినప్పుడల్లా ‘మన బొగ్గు షరీఫ్ బొగ్గురా’ అని నవ్వేవారు. ఆ షరీఫ్ బొగ్గు దగ్గర మీథేన్ అమ్మి ఖర్చు రాబట్టుకోవడం కుదరదు. అప్పుడు గ్యాస్ దాచే ఖర్చు ఎవరి జేబులోంచి వస్తుంది? మీ కరెంటు బిల్లు తీసి చూసుకోండి.

ఇన్ని హిసాబులు పక్కన పెట్టినా ఒక సవాల్‌కు జవాబ్ దొరకదు. కార్బన్ డయాక్సైడ్ దాచిన బొగ్గును ఇక ఎప్పటికీ తవ్వకూడదు. తవ్విన రోజు దాచినదంతా బయటికి వస్తుంది. అందుకే ‘తవ్వడానికి వీల్లేని పొరల్లో’ దాస్తామంటారు. ఈ ‘వీల్లేని’ అనే మాట ఎంతకాలం నిలుస్తుంది? 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు చూశాడు. 1889లో తవ్వకం మొదలైంది. అప్పటి తట్టా పార వాళ్లకు నూరు గజాల లోతు వీల్లేనిది. ఈ రోజు రామగుండం దగ్గర అడ్రియాలలో లాంగ్‌వాల్ యంత్రాలు ఆ తాతలు కల కూడా కనని లోతుకు దిగాయి. అంతకన్నా లోతు పొరలను అక్కడికక్కడే మండించి గ్యాస్‌గా పైకి లాగుదామని ఇంకో స్కీము ఉంది. ఝార్ఖండ్‌లోని కాస్తా బ్లాకులో 2024లో దాని ప్రయోగం మొదలుపెట్టారు. ఒక డిపార్ట్‌మెంట్ ఆ పొరలో పొగ దాస్తానంటుంది, ఇంకో డిపార్ట్‌మెంట్ అదే లోతులో నిప్పు పెడతానంటుంది. ఒకే గదిని ఇద్దరికి కిరాయికి ఇచ్చే ఇంటి యజమానిని మనం ఏమంటామో తెలుసు కదా.

మన జబాన్‌లో అమానత్ అనే మాట ఉంది. ఒకరి వస్తువు ఇంకొకరు దాచి పెట్టడం. అది ఊరికే దాచడం కాదు, వస్తువుకు ఏమైనా అయితే జవాబ్ చెప్పడానికి ఒక మనిషి ఉండాలి. అతన్నే అమీన్ అంటాం. మనుషులు హజ్‌కు పోతూ నగలు అమానత్‌గా పెట్టేటప్పుడు ఎంతమందిని చూసి, ఎంత ఆలోచించి ఒకరిని అమీన్‌గా ఎంచుకుంటారు! ఇక్కడ దాచేది వెయ్యేళ్లు చెదరకుండా ఉండాల్సిన వస్తువు. దానికి అమీన్ ఎవరు? బావి తవ్వే కంపెనీ లైసెన్స్ ఇరవై, ముప్పై ఏళ్లది. ఆ తర్వాత కంపెనీ పేరు మారుతుంది, చేతులు మారుతుంది, దివాలా తీస్తుంది. గ్యాస్ దాచడం మీద, ఆ తర్వాత తరాల జిమ్మేదారీ మీద మన దేశంలో నేను ఇది రాసే నాటికి ప్రత్యేక చట్టం లేదు. చట్టం కన్నా ముందు బావులు వస్తున్నాయి. ఝార్ఖండ్‌లోని పకరీ బర్వాడీహ్ బొగ్గు గని దగ్గర ఎన్టీపీసీ 2025లో కార్బన్ డయాక్సైడ్ దాచడానికి బావి తవ్వకం మొదలుపెట్టింది, దేశంలో ఇదే మొదటిది అని చెప్పింది.

గోదావరి జిల్లాల వాళ్లకు గ్యాస్ బావుల మీద, గొట్టాల మీద పాఠాలు ఎవరూ చెప్పక్కర్లేదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుంటే అరవై అయిదు రోజులు ఆరలేదు. అప్పుడు నేను స్కూల్ పిల్లాణ్ని. రాత్రి ఆకాశం ఎర్రగా ఉందని ఆ వైపు చుట్టాలు ఉత్తరాల్లో రాసేవారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో పైప్‌లైన్ పేలింది. నిద్రలో ఉన్నవాళ్లు, టీ కొట్టు దగ్గర పొయ్యి వెలిగించబోయినవాళ్లు, ఇరవై మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తడి గ్యాస్ పంపించారు, గొట్టం లోపల తుప్పు తినేసింది. ఇక్కడ ఆగి ఒక మాట గుర్తుపెట్టుకోండి: తడి తగిలితే కార్బన్ డయాక్సైడ్ ఆమ్లం అవుతుంది, ఉక్కును తింటుంది. మీథేన్ అయితే తేలిక, పైకి లేచి పోతుంది. కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా బరువు. పల్లంలో, వాగులో, ఇంటి గడప దగ్గర కూర్చుంటుంది. వాసన లేదు, రంగు లేదు. 2020 ఫిబ్రవరిలో అమెరికాలోని మిసిసిపీలో సటార్షియా అనే ఊరి దగ్గర కార్బన్ డయాక్సైడ్ గొట్టం పగిలింది. నలభై అయిదు మంది ఆసుపత్రి పాలయ్యారు. ఊపిరి తీసుకోవడానికి మనుషులకే కాదు, కారు ఇంజన్లకూ ఆక్సిజన్ చాలక బండ్లు దారిలోనే ఆగిపోయాయి. సటార్షియాలో అంబులెన్సులు ఉన్నాయి, అందుకే ప్రాణాలు దక్కాయి. మారేడుమిల్లి లోపలి గూడేల్లో నిండు గర్భిణిని ఇవాళ్టికీ డోలీ కట్టి మోసుకొస్తున్నారు. అక్కడ లోయలో గ్యాస్ కూర్చుంటే ఏ బండి వెళ్తుంది?

గోదావరి లోయ భూమి కూడా నిమ్మళంగా ఉండే రకం కాదు. కోట్ల ఏళ్ల కింద నేల చీలి కుంగిన చోట ఏర్పడ్డ లోయ ఇది, అందుకే ఇందులో బొగ్గు ఉంది, అందుకే పగుళ్లూ ఉన్నాయి. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు అడవుల్లో 5.3. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కూడా గిన్నెలు కదిలాయి. ఇలాంటి నేలలో వెయ్యేళ్లకు మూత పెట్టి సీల్ వేస్తామంటున్నారు.

ఇప్పుడు అడ్డతీగల బజారుకు వస్తాను.

ఇక్కడ మన ఇళ్లు ఎక్కువ లేవు. ఒక టైలర్ షాపు, బట్టల కొట్టు, మెకానిక్ షెడ్డు, మటన్ దుకాణం. మంచి మనుషులు, కష్టం చేసి బతుకుతున్నవాళ్లు. ఒక భాయ్ నాకు చాయ్ పోయిస్తూ తన దిల్‌లో మాట చెప్పాడు. ‘ముప్పై ఏళ్లయింది భాయీజాన్ ఈ ఊరొచ్చి. పిల్లలు ఇక్కడే పుట్టారు. ఒక గోడ నాది అని చెప్పుకోవడానికి లేదు. అన్నీ కిరాయే. ఈ 1/70 తీసేస్తే కంపెనీలొస్తాయి, పనులొస్తాయి, మాకూ నాలుగు గజాలు దొరుకుతాయి.’ పక్కన ఉన్న ఇద్దరు ‘హౌ భాయ్, సహీ బాత్’ అన్నారు. ఆయన దర్ద్ నిజమైనదే, దాన్ని తక్కువ చేయను. ఆయన చెప్పిన దవా మాత్రం జహర్.

1970లో వచ్చిన ఒకటో నెంబరు రెగ్యులేషన్ ఏం చెప్తుంది? ఏజెన్సీలో భూమి గిరిజనుల చేతుల్లోంచి గిరిజనేతరుల చేతుల్లోకి పోకూడదు. అంతే. ఆ కానూన్ తాకత్ ఎంతో 1997 జులై 11న తెలిసింది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన మైనింగ్ లీజుల మీద సమత అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఐదో షెడ్యూల్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా ఒక ‘వ్యక్తే’, ప్రభుత్వ భూమినైనా ప్రైవేటు కంపెనీకి లీజుకు ఇవ్వడం చెల్లదు అని కోర్టు చెప్పింది. తవ్వేవాడు లాభంలో కనీసం 20 శాతం అక్కడి జనం కోసం పక్కన పెట్టాలని కూడా చెప్పింది. అరకు వైపు కొండల్లో బాక్సైట్ ఇంకా కొండల్లోనే ఉందంటే ఆ తీర్పూ, దాన్ని పట్టుకుని నిలబడ్డ జనమూ కారణం. రేపు గ్యాస్ బావుల కోసం ఎవరైనా ప్రైవేటు సేఠ్ షెడ్యూల్ ఏరియాలోకి వస్తే అతని ముందు ఉండే తలుపు కూడా ఇదే. 2025 జనవరిలో అసెంబ్లీ స్పీకర్ అయ్యన్నపాత్రుడు టూరిజం కోసం 1/70 సవరించాలన్నట్టు మాట్లాడగానే ఫిబ్రవరిలో మన్యం బంద్ అయింది. చివరికి చట్టం జోలికి పోబోమని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. ఆ బంద్‌లో మన దుకాణాలూ మూశారు. ఇష్టంతో మూశారా, భయంతో మూశారా అని నేను అడగలేదు. అడిగే పని కూడా లేదు, వాళ్ల మాటల్లోనే తెలిసిపోయింది.

భాయ్‌కి నేను చెప్పింది ఇది. తలుపు తీసిన రోజు మొదట లోపలికొచ్చేది మీరు కాదు. మీ నాలుగు గజాల కన్నా ముందు నాలుగు వందల ఎకరాల వాడు వస్తాడు. మీరు కిరాయి కడుతున్న గది కూడా వాడే కొంటాడు. అప్పుడు మీ ఓనర్ ఊళ్లో తెలిసిన కొండరెడ్డి దొర కాదు, ఫోన్ కూడా ఎత్తని ఆఫీసు.

ఇంకో మాట ఉంది, అది కొంచెం కడ్వీ. వక్ఫ్ ఆస్తి ఒకసారి వక్ఫ్ అయ్యాక అమ్మడానికి, మార్చడానికి ఎవరికీ హక్ లేదని మనం ఊరూరా సభలు పెట్టి చెప్తున్నాం. ఆస్తి ఒక తరానిది కాదు, వచ్చే తరాల అమానత్ అంటున్నాం. సరిగ్గా అంటున్నాం. మరి కోయవాడి నేల కూడా అమ్మకానికి లేనిదే అంటే మనకెందుకు ఇబ్బంది? ఒకే జబాన్‌తో రెండు మాటలు ఎట్లా చెల్లుతాయి? 2025 వక్ఫ్ సవరణ చట్టంలో షెడ్యూల్ ప్రాంతంలోని గిరిజనుల భూమిని వక్ఫ్‌గా ప్రకటించకూడదని ఒక సెక్షన్ రాశారు. గిరిజనుల భూమి మీద ఇంత మొహబ్బత్ ఉన్న హుకూమత్ అదే మొహబ్బత్‌ని మైనింగ్ లీజుల దగ్గర కూడా చూపిస్తుందా అని అడగాల్సింది మనమే. అడగాలంటే మన చేతులు సాఫ్‌గా ఉండాలి.

తారీఖ్ కూడా ఒకసారి చూడండి. కొమురం భీం పేరుతో నిలిచిన నినాదం ‘జల్, జంగల్, జమీన్’. మూడూ మనం ఇంట్లో వాడే మాటలే. నిజాం రెవెన్యూ కాగితాలు రాసిన జబాన్‌లోనే గోండులు నిజాం ముందు తమ హక్కు అడిగారు. 1940లో జోడేఘాట్‌లో భీం చనిపోయాడు. అయిదేళ్లకు, 1945లో, అదే నిజాం ప్రభుత్వం సింగరేణి కంపెనీని కొనేసింది. బొగ్గు సర్కారుదైంది, జమీన్ కాగితాలు గోండులకు, కోయలకు మాత్రం అందలేదు. ఉర్దూలో రాసిన జుల్మ్ కూడా జుల్మే అని ఒప్పుకోవడం మన తరానికి కష్టం కాకూడదు. గోదావరి ఈవల ఇదే అడ్డతీగల పోలీస్ స్టేషన్‌కు 1922లో అల్లూరి మనుషులు వచ్చారు. అప్పుడూ అడవి చట్టాలే మూలం. అడవిలోకి ఎవరు పోవచ్చో మద్రాసులో కూర్చున్నవాడు రాశాడు.

సింగరేణి మన రోజీ కదా అని ఎవరైనా అంటారు, అనాలి కూడా. కొత్తగూడెం, ఇల్లందు, బెల్లంపల్లి, గోదావరిఖని, ఎన్ని ముస్లిం ఇళ్లు ఆ బొగ్గు మీద పిల్లల్ని చదివించుకున్నాయి! మా మామూజాన్ జీతంతోనే మా ఇంట్లో ముగ్గురి ఫీజులు కట్టారు. ఆ రోజీని నేను హలాల్ కాదనడం లేదు. ఏడాదికి 7 కోట్ల టన్నుల దాకా బొగ్గు తీసే కంపెనీ రేపు పొద్దున మూతపడదు, మూయమని నేనూ అడగను. నా పేచీ ఎక్కడంటే, పొగ దాస్తాం అనే వాదాను చూపించి ఇంకో ముప్పై ఏళ్లకు కొత్త చిమ్నీలు కడితే, ఆ ముప్పై ఏళ్ల తర్వాత బాయి పని వాళ్ల కొడుకులకు ఏ పని ఉంటుంది? వాళ్లకు వేరే హునర్ నేర్పే పైసలు ఇప్పుడు ఈ బావుల్లో పోస్తారు. సిమెంట్, ఉక్కు తయారీలో పొగను పట్టక తప్పదని శాస్త్రవేత్తలు చెప్తారు, అది వేరే బహస్. సున్నపురాయిని కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ రాక తప్పదు, దానికి ఇంకో దారి దొరికేదాకా దాచుకోండి, ఉప్పునీటి పొరల్లోనో బసాల్ట్ రాతిలోనో. కరెంటుకైతే ఎండ ఉంది, గాలి ఉంది. ఏజెన్సీలో వాటి పేరుతోనూ జుల్మ్ జరుగుతోంది. పెదకోట, ఎర్రవరం పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టుల మీద అక్కడి గూడేలు ఏమంటున్నాయో వినండి. ఆకుపచ్చ బోర్డు తగిలిస్తే గ్రామసభ రజామందీ అక్కర్లేదని ఎవరు చెప్పారు? 1996 పెసా చట్టం బోర్డు రంగు చూడదు.

పోలవరం కింద దేవీపట్నం ఊళ్లు ఖాళీ అయ్యేటప్పుడు ఏం జరిగిందో ఈ వైపు అందరికీ తెలుసు. పెద్ద పుస్తకమంత నివేదిక, అందులో రెండు పేజీల తెలుగు, ఒక్క పూట సభ. కొండరెడ్డి ముసలమ్మ వేలిముద్ర వేసింది, దేని మీద వేసిందో ఆమెకు ఎవరూ చదివి చెప్పలేదు.

బొగ్గు పొరల్లో గ్యాస్ దాచే ప్రాజెక్టు మీద ప్రజాభిప్రాయ సభ రేపు మణుగూరులో పెట్టొచ్చు, ఇల్లందులో పెట్టొచ్చు, చింతలపూడి బొగ్గు వైపు పెట్టొచ్చు. మనవాళ్లు ఆ ఊళ్లన్నిట్లో ఉన్నారు. వెళ్లండి. దుకాణం ఒక పూట కట్టేసి వెళ్లండి. దాచిన పొర ఇక ఎప్పటికీ తవ్వబోమని గెజిట్‌లో రాస్తారా అని అడగండి. కంపెనీ పోయాక బావి మూతకు జవాబ్‌దారీ ఎవరిదో పేరుతో సహా రాయమనండి. గ్యాస్ లీకైతే గంట మోగించే యంత్రం ఏ గూడెంలో పెడతారో, ఎంతసేపట్లో అంబులెన్స్ వస్తుందో అడగండి. నివేదిక తెలుగులో ఇమ్మనండి, కోయలో చదివి వినిపించమనండి. ఉర్దూలో ఒక కాపీ అడిగితే టేబుల్ అవతల ఉన్నాయన నవ్వుతాడేమో. నవ్వనీయండి, కాపీ మాత్రం వదలకండి.